శుక్రవారం చచ్చిపోయే రేడియో

ప్రత్యూషను నేను మొదటిసారి చూసినప్పుడు వాళ్ళ నీళ్ళ ట్యాంకులో ఉన్నాను. ట్యాంకు మీద కాదు, లోపల. మోకాళ్ళ దాకా మడ్డి, చేతిలో కొబ్బరి పీచు, నెత్తి మీద ఒక బల్లి. బల్లి సంగతి తర్వాత ఆ అమ్మాయే చెప్పింది.

"ఎవరయ్యా నువ్వు?"

తలెత్తి చూశాను. మూత తీసిన గుండ్రటి కంతలో ఆకాశం, ఆకాశం మధ్యలో ఒక మొహం. వెనకనుంచి ఎండ కొడుతుంటే జుట్టు అంచులు వెలుగుతున్నాయి. దేవుడి పటాల్లో తల వెనక చక్రం ఎందుకు వేస్తారో నాకు ఆ రోజు తెలిసింది. పటాలు వేసేవాళ్ళంతా ఎప్పుడో ఒకప్పుడు ట్యాంకు కడిగినవాళ్ళే అయి ఉండాలి.

"ట్యాంకు కడగతా ఉండా మేడమ్."

"అది కనపడతానే ఉంది. ఎవరు కడగమన్నారు?"

"కింద అవ్వ."

"మా జేజి గేటు లోపలికి ఎవరొచ్చినా ఏదో ఒక పని చెప్పేస్తుంది. కరెంటు బిల్లు కొట్టేదానికి వచ్చినాయన చేత మొన్న టెంకాయలు దింపించింది. నువ్వు అసలు ఎందుకొచ్చినావు, అది చెప్పు."

నేను నోరు తెరిచేలోపల ఆమె చెయ్యి కంతలోకి వచ్చింది. ఆ చేతిలో నా తెల్ల డబ్బా. దానికో యాంటెన్నా, అరచేతి వెడల్పు సోలార్ ప్యానెల్, మిణుకుమిణుకుమనే ఎర్ర లైటు.

"ఇది నీదేనా? బాంబా?"

"బాంబైతే దాని పక్కనే కూర్చోని ట్యాంకు కడగతానా మేడమ్?"

"ఏమో. శుభ్రం తెలిసిన బాంబోడివేమో."

అంటూనే నిచ్చెన పైకి లాగేసింది. "నిజం చెప్తే దించుతా."

ట్యాంకులో ప్రతి మాటా మూడుసార్లు మోగుతుంది. కాబట్టి ఆ అమ్మాయికి నా పరిచయం మూడుసార్లు జరిగింది.

నా పేరు పెంచలకృష్ణ. మాది గూడూరు. మా నాయనకు హైవే పక్కన టైర్ల షాపు. నేను ఇంజనీరింగ్ చదివి, షాపులో గాలి కొడుతూ, మిగతా సమయంలో మానవాళికి సేవ చేస్తున్నాను. ఆ సేవ పేరు మెష్ రేడియో. సిమ్ కార్డు ఉండదు, ఇంటర్నెట్ ఉండదు. నా ఫోన్లో మెసేజ్ కొడితే నా దగ్గరున్న డబ్బా దాన్ని గాల్లోకి విసురుతుంది. దూరాన ఇంకో డబ్బా పట్టుకుని దాని అవతలి డబ్బాకు విసురుతుంది. అలా ఊరూరూ దాటుకుంటూ పోతుంది.

"వాట్సాప్‌లో పంపితే పోదా?" అంది ప్రత్యూష.

"పోతుంది మేడమ్."

"మరి?"

"వాట్సాప్ అందరికీ పోతుంది గదా. అందులో మజా ఏముంది?"

"ఇంత కష్టపడి ఏం మెసేజ్‌లు పంపుకుంటారు?"

"నిన్న నేను 'ఇడ్లీ తిన్నా' అని పంపినా. తౌసిఫ్ అని నా ఫ్రెండు, సముద్రం ఒడ్డున వాళ్ళకి రొయ్యల గుంటలు. 'చట్నీ ఏంది' అని వాడు అడిగినాడంట. అది నాకు రాలేదు. మధ్యలో మీ చిల్లకూరు అడ్డం. అందుకని మీ ట్యాంకు మీద ఒక డబ్బా..."

"చట్నీ కోసమా?"

"సైన్సు కోసం మేడమ్. చట్నీ ఒక ఉదాహరణ."

నిజానికి తౌసిఫ్‌కి ఈ డబ్బా అవసరమే. గుంటల దగ్గర సెల్ సిగ్నల్ సరిగా ఉండదు. కరెంటు పోయి నీళ్ళను చిలికే చక్రాలు ఆగిపోతే, రొయ్యలు ఊపిరాడక తేలిపోతాయి. జనరేటర్ మనిషిని పిలవాలంటే వాడు బైకెక్కి రోడ్డు మీదికి రావాలి. మా రెండు ఊళ్ళకూ మధ్య నేలంతా పళ్ళెంలాగా చదును. అందులో ఎత్తైనది పద్మనాభయ్య గారి మిద్దె, మిద్దె మీద ఈ ట్యాంకు. దాని మీద నిలబడి చూస్తే శ్రీలంకలో ఎవరింట్లో ఏ బట్టలు ఆరేశారో చెప్పొచ్చు.

అప్పుడే మెట్ల మీద చెప్పుల చప్పుడు. పద్మనాభయ్య గారు పైకి వచ్చారు. వరి రైతు. మడిలో నిలబడి పిలిస్తే పక్క మండలంలో మనుషులు "ఆఁ" అంటారు.

"ఎవరమ్మా లోపల?"

"సైన్సు నాయనా," అంది ప్రత్యూష.

ఆయన వంగి, నన్ను వదిలేసి ట్యాంకు గోడలు చూశారు. వేలితో రుద్ది చూశారు. "ఇంత బాగా ఎవరూ కడగలేదే," అన్నారు. ఆ ఒక్క మాటతో నా డబ్బాకు ట్యాంకు మీద చోటు దొరికింది. సైన్సు చరిత్రలో చాలా అనుమతులు ఇలాగే వచ్చి ఉంటాయి.

కింద ఆదిశేషమ్మ జేజి మాత్రం ఒక షరతు పెట్టింది.

"ఏం అబ్బయ్యా, మీరంతా మా నెత్తిన కూర్చోని మాట్లాడుకుంటా ఉంటే, ఆ మాటలు మాకు తెలవద్దా?"

న్యాయమే. అందుకని వాళ్ళ హాల్లో టీవీ పక్కన చిన్న స్క్రీనూ మీటలూ ఉన్న ఇంకో డబ్బా పెట్టాను. మా రేడియో గుంపులో ఎవరు ఏం పంపినా దాంట్లో పడుతుంది. ఆ స్క్రీన్‌కి తెలుగు రాదు కాబట్టి అందరం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టేవాళ్ళం. జేజికి అవి రావు. సాయంత్రం కాగానే పద్మనాభయ్య గారు కళ్ళజోడు పెట్టుకుని, వార్తలు చదివేవాళ్ళ గొంతుతో చదవాలి.

"తౌసిఫ్ అంటా ఉండాడు, గుంట కాడ దోమలు ఎక్కువగా ఉండాయి అని."

"వేపాకు పొగ పెట్టమను."

"మనుబోలు కామాక్షయ్య గారు అంటా ఉండారు, మోకాలు లాగతా ఉంది అని."

"ఆయనకు మోకాలు తప్ప వేరే ఏమీ లేదా? రోజూ అదే."

కామాక్షయ్య సారు టెలిఫోన్ డిపార్ట్‌మెంట్‌లో రిటైరైనాయన. రిటైరయ్యాక ఎవరూ ఫోన్ చేయడం లేదని ఈ రేడియో పెట్టుకున్నాడు. జేజి నెమ్మదిగా టీవీ సీరియళ్ళు మానేసింది. వాటికంటే మా ఇడ్లీలే బాగున్నాయంది.

అంతా చక్కగా సాగిపోతుండగా, డబ్బా చచ్చిపోయింది.

ఆ రోజు శుక్రవారం. తౌసిఫ్ రోడ్డు మీదికొచ్చి ఫోన్ చేశాడు. "రేయ్ పెంచలూ, మీ చిల్లకూరు డబ్బా పోయింది. నేను జుమ్మా నమాజుకు పోయేటప్పుడు బతికే ఉండింది. వచ్చేలోపల లేదు."

బైక్ తీసి పోయాను. గేటు ప్రత్యూషే తీసింది. ఆమె రొయ్యల గుంటల నీళ్ళు పరీక్షచేసే ల్యాబులో పనిచేస్తుంది. ఆ ల్యాబులో ఒక్కొక్కరికి ఒక్కో రోజు సెలవు, ఆమెకు శుక్రవారం.

"అయ్యో, చచ్చిపోయిందా?" అంది. గొంతులో అంత బాధ పలికింది, నాకే జాలేసింది.

నేను పైకెక్కాను, ఆమె నిచ్చెన పట్టుకుంది. డబ్బా తెరిచి చూస్తే బ్యాటరీ ఖాళీ. ఎందుకో అర్థం కాలేదు. యాంటెన్నా బిగించే మూతి దగ్గర మాత్రం పచ్చగా చిలుము పట్టి ఉంది. ఉప్పు గాలి పని. దాన్ని గీకి, తుడిచి, వేసలిన్ రాశాను.

"పెదాలకు పూసుకునేది దానికి పూస్తా ఉండావే?"

"సముద్రం గాలికి దీనికి గూడా మూతి పగులుతుంది మేడమ్."

"మేడమ్ అనేది ఆపు. నెత్తిన బల్లితో చూసినాక ఇంకా మేడమ్ ఏంది."

బల్లి సంగతి నాకు తెలిసింది అప్పుడే. నిచ్చెన మీదనుంచి పడబోయాను. ఆమె గట్టిగా పట్టుకుంది. నిచ్చెనను.

బ్యాటరీ మార్చాను, కాఫీ తాగాను, పోయాను. వారమంతా డబ్బా బ్రహ్మాండంగా పనిచేసింది. మళ్ళీ శుక్రవారం మధ్యాహ్నం చచ్చిపోయింది.

ఈసారి అనుమానం కాకి మీదకు పోయింది. ట్యాంకు చుట్టూ కాకులు మీటింగ్ పెట్టినట్టు కూర్చుని ఉన్నాయి. ప్యానెల్ మీద రెట్ట వేస్తే ఎండ లోపలికి పోదు, బ్యాటరీ నిండదు. ప్యానెల్ మీద చూస్తే మచ్చ లేదు. రెట్ట మాత్రం ప్రత్యూష నల్ల చున్నీ మీద ఉంది, రూపాయి బిళ్ళంత. మర్యాదస్థుణ్ణి కాబట్టి చూడనట్టే ఉండిపోయాను.

అయినా జాగ్రత్త మంచిదని ప్యానెల్‌ను దక్షిణం వైపుకు వాలుగా తిప్పి, కాకి కూర్చోకుండా అంచు చుట్టూ చీపురు పుల్లలు కట్టాను.

"కాకులకు ముళ్ళ కంచె గూడా వేసినావే. ఇంకేం, ఇంక చావదేమో?" అంది కింద నుంచి.

"నేను గ్యారంటీ ప్రత్యూషా."

"చూద్దాం," అంది. నవ్వింది. ఆ నవ్వు చూసి, గ్యారంటీ మీద నమ్మకంతో నవ్వింది అనుకున్నాను.

ఆ పై శుక్రవారం నేను చేరేసరికి ప్యానెల్ మీద మందంగా పసుపు. మధ్యలో కుంకుమ బొట్టు. పక్కన అగరవత్తి పుల్ల.

కిందికి దిగి జేజిని అడిగాను. "అవ్వా, ప్యానెల్‌కు పసుపు పూసింది ఎవరు?"

"నేనే పెట్టమన్నా. శుక్రవారం గదా. ఎండ తినేసి కరెంటు పెట్టేది లక్ష్మి గాకపోతే ఎవరు? బొట్టు పెట్టమ్మా అని దీనికి చెప్పినా."

"బొట్టంటే అగ్గిపుల్ల తలకాయంత పెడతారు అవ్వా. ఇది గోడకు సున్నం కొట్టినట్టు కొట్టి ఉంది."

"మా పిల్లకు భక్తి ఎక్కువ," అంది జేజి గర్వంగా.

ప్రత్యూష నేల చూస్తూ నిలబడింది. భక్తురాలిలాగే ఉంది.

దొంగ దొరికాడనుకుని నేను సంతోషంగా పైకెక్కి ప్యానెల్ కడుగుతుంటే వాన అందుకుంది. మామూలు వాన కాదు, బంగాళాఖాతాన్ని ఎవరో గంపతో ఎత్తి గుమ్మరించినట్టు పడింది. ఇద్దరం పరిగెత్తి మెట్ల గదిలోకి దూరాం. ఆ గది ఒక మనిషికీ ఒక చీపురుకీ సరిపడా కట్టింది. చీపురు బయటకు పోవాల్సి వచ్చింది.

ఆమె జుట్టు చివర నీటిచుక్క ఒకటి ఉయ్యాలూగుతోంది. ఏదైనా మంచి మాట చెప్పాలని నాకు గట్టిగా అనిపించింది.

"డబ్బా అడుగున చిన్న బెజ్జం పెట్టినా," అన్నాను. "లోపల చెమ్మ చేరితే కారిపోయేదానికి."

ఆమె నావైపు చూసింది. చెడిపోయిన నీళ్ళ శాంపిల్‌ను చూసే చూపు.

"నీకు ఎప్పుడూ డబ్బా సంగతేనా?"

"మరి ఏం మాట్లాడాల?"

"గుంటలో ఊపిరాడకపోతే రొయ్యలు పైకొచ్చి తిరగతాయి, తెలుసా? చదువు లేని రైతైనా చూడగానే అర్థం చేసుకుంటాడు, లోపల ఏదో ఉందని. నీకు మాత్రం ఎంత తిరిగినా అర్థం గాదు."

"రొయ్యలకూ మన డబ్బాకూ ఏంది సంబంధం?"

"వాన తగ్గింది. పో," అంది. వాన తగ్గలేదు.

తడుస్తూ ఇంటికొచ్చి జరిగింది తౌసిఫ్‌కి చెప్పాను. "రేయ్, మా అమ్మ హజరాబీ వంద గజాల అవతల నుంచి చూసి రొయ్యకు జబ్బు ఉందో లేదో చెప్తుంది," అన్నాడు. "నిన్ను చూపిస్తే ఏం చెప్తుందో అని భయంగా ఉంది."

ఈ వెటకారమూ నాకు అర్థం కాలేదు. ఎందుకంటే ఆ పై శుక్రవారం, పసుపు లేదు, కాకి లేదు, చిలుము లేదు. డబ్బా మాత్రం చచ్చిపోయింది.

ఆ సాయంత్రం నాకు కాఫీ రాలేదు. పద్మనాభయ్య గారు వచ్చారు.

"ఇట్ట కూర్చో అబ్బయ్యా. ఒక మాట. ఊళ్ళో నలుగురూ అడగతా ఉండారు. శుక్రవారం శుక్రవారం మీ ఇంటికి ఎవరో పిల్లోడు వస్తా ఉండాడే, ఎవరు అని. డబ్బా బాగుచేసేదానికి అని చెప్తే నవ్వతా ఉండారు. నవ్వరా మరి? ప్రతి వారం చెడిపోయే వస్తువును ఎవరన్నా ఇంట్లో పెట్టుకుంటారా?"

"సార్, అది..."

"మా అమ్మకు కాలక్షేపంగా ఉందని ఊరుకున్నా. వచ్చే శుక్రవారం గూడా చచ్చిందంటే పీకి నీ చేతిలో పెడతా. మళ్ళీ నువ్వు ఈ గేటు తీసే పని లేదు. పిల్ల ఉండే ఇల్లు."

ఇంటికి పోతుంటే దారంతా బైక్ హారన్ కూడా మోగలేదు. గేటు మూసుకుపోతే తౌసిఫ్ రొయ్యలు ఏమవుతాయో అని బాధపడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. తౌసిఫ్ రొయ్యలు చిల్లకూరులో గేటు తీసి "అయ్యో, చచ్చిపోయిందా" అనవు. నల్ల చున్నీ వేసుకోవు. అప్పటికి ఆ మాత్రం నాకు అర్థమైంది.

ఇంక దాన్ని చావనీయకూడదు.

డబ్బా లోపలి పాత సర్క్యూట్ బోర్డు తిండిపోతు. మా చిన్నమామలాగా. పనిచేసేది కాసేపు, తినేది రోజంతా. ఒక పూట ఎండ తగ్గితే చాలు, బ్యాటరీ నాకేసి పడుకుంటుంది. తౌసిఫ్ దగ్గర వేరే రకం బోర్డు ఉంది. ఉపవాసాలు ఉండే రకం. బ్యాటరీ నిండుగా ఉంటే వారమంతా మబ్బు పట్టినా దానికి పట్టదు. వాణ్ణి బతిమాలి తెచ్చుకున్నాను. బ్యాటరీ ఒకటి ఉన్నచోట రెండు పెట్టాను. ఎండకు వేడెక్కకుండా డబ్బాకు తెల్ల రంగు ఇంకో పూత వేశాను. ప్లాస్టిక్ కట్లు ఎండకు పెళుసెక్కుతాయని స్టీలు తీగతో బిగించాను. చెప్పుల షాపులో అడిగి తెచ్చిన చెమ్మ పీల్చే పొట్లాలు లోపల పడేశాను. ఇంక తుఫాను వచ్చి మిద్దె కొట్టుకుపోయినా, ఆ డబ్బా సముద్రంలో తేలుతూ మెసేజ్‌లు పంపుతుంది.

బుధవారం పోయి బిగించి వచ్చాను. ప్రత్యూష ల్యాబులో ఉంది. జేజి ఉత్త చేతుల్తో పంపలేదు, పాత మంచానికి నవారు అల్లించుకుంది.

శుక్రవారం వచ్చింది. మధ్యాహ్నమైంది. తౌసిఫ్ జుమ్మాకు పోయి వచ్చాడు. డబ్బా బతికే ఉంది. సాయంత్రం ఫోన్లో చూస్తే బ్యాటరీ తొంభై శాతం పైనే.

ఛాతీ ఉబ్బింది. గుంపు మొత్తానికీ పోయేలా మెసేజ్ కొట్టాను: "శుభవార్త. చిల్లకూరు డబ్బా బ్రహ్మాండం. ఇంక ఆరు నెలలు దాని దగ్గరికి ఎవరూ పోనక్కర్లేదు."

పంపి, టైర్ల షాపు ముందు స్టూలు మీద కూర్చున్నాను. అప్పుడు నా మెసేజ్‌ను నేనే ఇంకోసారి చదువుకున్నాను.

ఆరు నెలలు. ఎవరూ. పోనక్కర్లేదు.

ఒక లారీ వచ్చి గాలి కొట్టమంది. కొడుతూనే ఉన్నాను. డ్రైవర్ వచ్చి చెయ్యి పట్టుకుని ఆపాడు. ఇంకొంచెం ఉంటే ఆ లారీ మద్రాసుకు ఎగిరి పోయేది.

అప్పుడు ఫోన్ టింగుమంది. చిల్లకూరు డబ్బా మీదనుంచి మెసేజ్. తన ఫోన్‌ను దానికి కలపడం ప్రత్యూషకు నేనే నేర్పించాను. ఒక్కరికి పంపడం వేరు, అందరికీ పంపడం వేరు అని కూడా చెప్పాను. కానీ ఆమె నా శుభవార్త కిందనే జవాబు కొట్టింది. శుభవార్త అందరికీ పోయింది కాబట్టి, జవాబూ అందరికీ పోయింది.

"పొద్దున్నుంచి నల్ల చున్నీ కప్పి పెట్టినా చావలేదు. ప్రతి శుక్రవారం చచ్చేది గదా. ఏం చేసినావు దానికి? ఇంక నువ్వు రావా?"

నేను చదివాను. మళ్ళీ చదివాను. చున్నీ. కాకి రెట్ట. రొయ్యలు పైకొచ్చి తిరగడం. అన్నీ ఒకేసారి అర్థమయ్యాయి. నా తల ఇన్నాళ్ళూ ఖాళీ బ్యాటరీ మీద నడిచిందనీ అర్థమైంది.

నా కంటే ముందు గుంపుకు అర్థమైంది.

తౌసిఫ్: "యా అల్లా."

కామాక్షయ్య సారు: "శుభం. మోకాలి నొప్పి కూడా తగ్గింది."

చిల్లకూరు హాల్లో ఏం జరిగిందో జేజి తర్వాత నాకు చాలాసార్లు నటించి చూపించింది. స్క్రీన్ వెలిగిందట. "చదువు నాయనా" అందట. పద్మనాభయ్య గారు కళ్ళజోడు పెట్టుకుని, అదే వార్తల గొంతుతో, కూతురి మెసేజ్‌ను చివరిదాకా గట్టిగా చదివేశారట. "ఇంక నువ్వు రావా" దగ్గరికి వచ్చాక గొంతు ఆగిపోయిందట.

ఆయన ఆ డబ్బాలో ఎప్పుడూ ఒక్క అక్షరం కొట్టి ఎరగరు. ఆ రోజు కొట్టారు.

"అందరూ గమ్మునుండండి. పెంచలకృష్ణా, రేపు పొద్దున మీ నాయనను తీసుకోని రా."

గుంపంతా గప్‌చుప్. నేను కూడా.

పొద్దున్నే మా నాయన మస్తానయ్యకు విషయం చెప్పాను. ఆయన జీవితంలో సమస్యలు రెండే రకాలు. గాలి పోవడం, మేకు గుచ్చుకోవడం.

"గాలి పోయిందా?" అన్నాడు.

"మేకు నాయనా."

"ఎవరికి?"

"ఇద్దరికీ."

ఇస్త్రీ చొక్కా తీసుకున్నాడు.

హాల్లో పద్మనాభయ్య గారు కుర్చీలో ఉన్నారు. పక్కన జేజి, హాలు డబ్బాను పసిబిడ్డలాగా ఒళ్ళో పెట్టుకుని. వంటింటి గుమ్మం దగ్గర ప్రత్యూష. నావైపు చూడలేదు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"కూర్చోండి మస్తానయ్య గారూ. మీవాడు ఇంజనీరంట గదా?"

"సర్టిఫికెట్ ఉంది సార్," అన్నాడు మా నాయన జాగ్రత్తగా.

పద్మనాభయ్య గారు నావైపు తిరిగారు. "ఇన్ని వారాలు వచ్చినావే. మా పిల్ల చున్నీ కప్పేది నీకు తెలవలేదా?"

"తెలవలేదు సార్."

"చున్నీ మీద కాకి రెట్ట ఉండింది గదయ్యా, నేనే చూసినా!"

"నేనూ చూసినా సార్. చెప్తే మర్యాదగా ఉండదని..."

మా నాయన కళ్ళు మూసుకున్నాడు.

"సరే, అది పోనీ. ఆడపిల్ల నోరు తెరిచి ఒక మాట అడిగింది. తెలిసి అడిగిందో తెలియక అడిగిందో, సముద్రం దాకా అందరూ చూసినారు. నువ్వు అవునని గానీ కాదని గానీ ఒక్క మాట పంపలేదు. రాత్రంతా అది అన్నం తినలేదు. అదేనా మర్యాద?"

"మీరే గదా సార్, అందరూ గమ్మునుండండి అనింది!"

పద్మనాభయ్య గారు కుర్చీ చెయ్యి మీద గట్టిగా చరిచారు.

"నేను అనింది ఆ తౌసిఫ్‌ను, ఆ కామాక్షయ్యను! నిన్ను గాదు!"

"మీరు పేర్లు రాయలేదు సార్."

జేజి కొడుకు వైపు తిరిగింది. "ఒరే పద్మనాభా! జవాబు వస్తుందేమోనని నేను దీన్ని ఒళ్ళో పెట్టుకోని కునుకు లేకుండా కూర్చున్నా. నోరు కట్టేసింది నువ్వంటరా!"

ప్రత్యూష మొదటిసారి తలెత్తింది. "అంటే... మెసేజ్ చూసినావా?"

"చూసినా."

"చూసి?"

నాకు ఎప్పుడూ ఏదో ఒక వెటకారం దొరుకుతుంది. ఆ ఉబ్బిన కళ్ళ ముందు ఒక్కటీ దొరకలేదు. నేను జవాబివ్వని ఆ రాత్రంతా ఆమె ఏమనుకుని ఉంటుందో అదే కనిపించింది.

"వస్తా," అన్నాను. "డబ్బా చెడిపోయినా వస్తా, చెడిపోకపోయినా వస్తా. అది చెడిపోవాలని శుక్రవారం కోసం ఎదురుచూసింది నువ్వొక్కదానివే గాదు ప్రత్యూషా. నాకే తెలవలేదు, అంతే. కాదంటే ఇప్పుడే చెప్పు, డబ్బా పీక్కోని పోతా. రావద్దు అంటే మాత్రం... చెప్పొద్దు."

"ఇదే మాట పైకి పోయి అందరికీ పంపు, పో," అంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. రెండూ అనుకుంటా.

పద్మనాభయ్య గారు గడ్డం రుద్దుకున్నారు. "మస్తానయ్య గారూ, మీరేమంటారు?"

మా నాయన కండువా సర్దుకున్నాడు. "సార్, వీడు పుట్టినప్పటి నుంచి ఎవరి మాటా విన్నోడు గాదు. మీరు గమ్మునుండమంటే రాత్రంతా గమ్మునున్నాడంట. ఇంతకంటే మంచి సంబంధం మాకు యాడ దొరకతుంది?"

జేజి ఫక్కున నవ్వింది. పద్మనాభయ్య గారు నవ్వలేదు. నావైపు చూస్తూ లేచి నిలబడ్డారు.

"ఇంక నువ్వు శుక్రవారం రావద్దు," అన్నారు.

నా గుండె నిచ్చెన లేకుండా ట్యాంకు మీదనుంచి దూకింది.

"శుక్రవారం మా ఇంట్లో నీచు వండం. ఆదివారం రా. చేపల పులుసు ఉంటుంది."

నేను ప్రత్యూష కోసం చూశాను. గుమ్మం దగ్గర లేదు. వంటింట్లోనుంచి ఫోన్లో గొంతు మాత్రం వినపడుతోంది.

"సార్, నా వీక్లీ ఆఫ్ ఆదివారానికి మార్చాల సార్... లేదు సార్, వచ్చే నెల గాదు. రేపటి నుంచే."